గోడ మీద నోటీసు పడితే రోజులు లెక్కపెట్టాలి
(మండల రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరప కోతలు నడుస్తున్నా పనులు మానుకుని వచ్చారు. మీ పొద్దు వృథా చెయ్యం. ఈ రోజు మాట్లాడే విషయం ఒక్కటే. అప్పు కట్టలేక ఉన్న ఇల్లు వేలానికి వచ్చినప్పుడు చట్టంలో మనకు ఏ దారులున్నాయి, ఏ దారి ఎన్ని రోజులు తెరిచి ఉంటుంది అన్నదే ఆ విషయం. మేము వకీళ్లం కాదు. పదో తరగతి దాకా చదివి అరక పట్టినవాళ్లం. ఈ సంగతులు దెబ్బలు తిని నేర్చుకున్నాం. ముందు ఆ దెబ్బ సంగతే చెబుతాం.

నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసిన ఏడాది మీ అందరికీ గుర్తుంది. ఆ ఏడాది మన పక్క ఊరి రైతు ఒకాయన ఎకరంన్నర సొంతం, నాలుగెకరాలు కౌలు వేసి నిండా మునిగాడు. కౌలు పొలానికి పంట రుణం ఇచ్చేవాళ్లు లేక, అంతకు ముందే ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి తొమ్మిది లక్షలు తెచ్చుకున్నాడు. వాయిదాలు ఆగిపోయాయి. రిజిస్టర్ పోస్టులో నోటీసు వస్తే, తీసుకుంటే ఇరుక్కుంటానని పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపాడు. తర్వాత తలుపు మీద కాగితం అంటించారు. పేపర్లో ఇంటి సర్వే నంబరుతో సహా ప్రకటన వచ్చింది. అప్పుడు మన దగ్గరకు వచ్చాడు.

మేమేం చేశాం? ఎనభై మందిమి జెండాలు పట్టుకుని బ్యాంకు ముందు కూర్చున్నాం. మేనేజరు మంచినీళ్లు ఇప్పించాడు, పై ఆఫీసుకు రాస్తానన్నాడు. గెలిచామనుకుని తిరిగొచ్చాం. మళ్లీ రెండుసార్లు వెళ్లాం, అదే మాట. చివరికి గుంటూరులో ఒక వకీలు దగ్గరకు వెళితే ఆయన కాగితాలన్నీ చూసి తేదీలు లెక్కపెట్టి, "నలభై అయిదు రోజుల గడువు దాటి పదకొండు రోజులైంది" అన్నాడు. ఆ గడువు ఒకటుందని మాలో ఒక్కరికీ తెలియదు. ఇల్లు వేలంలో పోయింది. ఆయన ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజిలో వాచ్‌మన్. కట్టిన అరవై వేలు బ్యాంకు లెక్కలో కనపడలేదని రసీదులు తర్వాత బయటపెట్టాడు. ఆ రసీదులు మొదటి నోటీసు వచ్చిన రోజే పెట్టి ఉంటే దాని బలం వేరు. అప్పటి నుంచి మా ఆఫీసు గోడ మీద క్యాలెండర్ పెట్టాం. ఎవరికి నోటీసు వచ్చినా ముందు దాని మీద తేదీ రాస్తాం, ఆ తర్వాతే జెండా తీస్తాం.

ఇక చట్టం సంగతికి వద్దాం. ఇల్లు పోయే దారులు మూడు. ఒకటి, బ్యాంకుకు తనఖా పెట్టిన ఇల్లు. రెండు, ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకి పెట్టినది. మూడు, ఊళ్లో వడ్డీ వ్యాపారికి ప్రోనోటు రాసిచ్చి, ఆయన కోర్టుకెక్కితే జప్తుకు వచ్చే ఇల్లు. మూడింటికీ మందు ఒకటి కాదు. అందుకే మా దగ్గరకు ఎవరొచ్చినా మొదట అడిగేది, "అప్పు ఎవరిది? ఏ కాగితం మీద సంతకం పెట్టావు?" అని.

బ్యాంకు సంగతి ముందు. 2002లో కేంద్రం సర్ఫేసీ చట్టం తెచ్చింది. తనఖా ఉన్న ఆస్తిని కోర్టులో దావా వెయ్యకుండానే బ్యాంకు తానే స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చని ఆ చట్టం చెబుతుంది. సహకార బ్యాంకులు కూడా దీన్ని వాడొచ్చని 2020 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫైనాన్స్ కంపెనీలన్నిటికీ ఈ అధికారం లేదు. ఇళ్ల రుణాల సంస్థల సంగతి వేరుగా ఉంది గానీ, మామూలు ఫైనాన్స్ కంపెనీకి వంద కోట్ల పైన ఆస్తులుండాలి, అప్పు 20 లక్షలకు తక్కువ కాకూడదు. అయిదు లక్షల అప్పుకి ఫైనాన్స్ వాడొచ్చి సర్ఫేసీ కింద తాళం వేస్తానంటే భయపడకండి, కాగితం పట్టుకుని రండి.

మొదటి మెట్టు డిమాండ్ నోటీసు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతాను మొండి బాకీ కింద రాస్తారు. పంట రుణానికి లెక్క వేరు. తక్కువ కాలపు పంటలకు రెండు పంట కాలాలు, దీర్ఘకాలపు పంటలకు ఒక పంట కాలం దాటాలి. మొండి బాకీ అయ్యాక 13(2) సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. అందులో ఎంత కట్టాలో, ఏ ఆస్తి మీదకు వస్తారో ఉంటుంది. కట్టడానికి 60 రోజులు గడువు.

ఈ నోటీసు తీసుకోండి. వెనక్కి పంపితే చట్టం ఆగదు. తీసుకోను అన్నా ఇచ్చినట్టే లెక్క, తలుపుకి అంటిస్తారు, పేపర్లో వేస్తారు. అప్పుడు మనకు మిగిలేది గోడ మీద కాగితం, చేజారిన రోజులు. తీసుకుని, కవరు కూడా దాచండి. దాని మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉంటుంది.

60 రోజుల్లో బ్యాంకుకు జవాబు రాసే హక్కు మనకుంది. అది 13(3ఏ) సెక్షన్. మనం రాస్తే 15 రోజుల్లోగా కారణాలతో బ్యాంకు బదులివ్వాలి. ఈ హక్కు బ్యాంకు దయతో రాలేదు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే, అప్పు తీసుకున్నవాడి అభ్యంతరాన్ని విని జవాబు చెప్పాలంది. ఆ తీర్పు తర్వాతే ఇది చట్టంలోకి ఎక్కింది. ట్రిబ్యునల్ మొదటి గుమ్మం ఎక్కాలంటే 75 శాతం డిపాజిట్ కట్టాలన్న నిబంధనను కూడా ఆ తీర్పే కొట్టేసింది.

ఏం రాయాలి? ఏడుపు రాయొద్దు. లెక్క రాయండి. ఎంత తీసుకున్నాం, ఏ తేదీన ఎంత కట్టాం, ఏ రసీదు లెక్కలో రాలేదు, అపరాధ రుసుం ఎంత వేశారు అన్నవి రాయండి. ఖాతా స్టేట్‌మెంట్ మొత్తం ఇమ్మని అడగండి. అపరాధ రుసుం మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తర్వు ఇచ్చింది. తనఖాలో పొలం కూడా ఉంటే అది సాగు భూమి అని రాయండి. ఒక మాట తెలిసి ఉండండి. బ్యాంకు జవాబు నచ్చలేదని ఆ ఒక్కదాని మీద ట్రిబ్యునల్‌కి పోలేం. కానీ మనం ముందే చెప్పామన్న రుజువు అక్కడ పనికొస్తుంది.

రెండో మెట్టు స్వాధీనం. 60 రోజులు దాటాక 13(4) కింద స్వాధీనపు నోటీసు ఇస్తారు. ఇల్లంతా మనమే ఉంటాం, పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, కానీ కాగితం మీద స్వాధీనం అయిపోతుంది. తలుపు మీద అంటించి, ఏడు రోజుల్లోగా రెండు పేపర్లలో ప్రకటన వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మనవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు కదా అని ఊరుకుంటారు. ఆ రోజు నుంచే 45 రోజులు మొదలైనట్టు.

ఆ 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద డెట్ రికవరీ ట్రిబ్యునల్‌లో, అంటే డీఆర్‌టీలో దరఖాస్తు వెయ్యాలి. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ డీఆర్‌టీలు ఉన్నాయి. డీఆర్‌టీ అంటే 20 లక్షల పై అప్పులకేనని కొందరంటారు. అది బ్యాంకు మన మీద వేసే దావాకు లెక్క. సర్ఫేసీ చర్య మీద మనం వేసే దరఖాస్తుకు ఆ హద్దు లేదు. అక్కడ డిపాజిట్ తప్పనిసరి కాదు. స్టే అడిగితే మాత్రం కొంత కట్టమని చాలాసార్లు షరతు పెడతారు, దానికి సిద్ధపడి వెళ్లాలి. బ్యాంకు చట్టం ప్రకారం నడవలేదని తేలితే స్వాధీనాన్ని రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించే అధికారం, నష్టపరిహారం ఇప్పించే అధికారం చట్టంలో ఉన్నాయి. అక్కడ ఓడిపోతే 30 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి పోవచ్చు గానీ, బాకీలో సగం డిపాజిట్ కట్టాలి. దాన్ని 25 శాతానికి తగ్గించొచ్చు, అంతకంటే కిందికి దించరు. అందుకే మొదటి గుమ్మం దగ్గరే గట్టిగా నిలబడాలి.

మామూలు సివిల్ కోర్టుకు పోతే 34వ సెక్షన్ అడ్డం వస్తుంది. హైకోర్టులో స్టే తెస్తామని డబ్బు గుంజే దళారులున్నారు. డీఆర్‌టీ దారి ఉండగా హైకోర్టులు ఇలాంటి రిట్లు తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2010 నుంచీ పదే పదే చెబుతోంది. అక్కడ పోగొట్టుకునే రోజులు ఇక్కడ 45లో నుంచే తరుగుతాయి.

మూడో మెట్టు, మనల్ని బయటకు పంపటం. దీనికి బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరుకు, నగరాల్లో అయితే మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెడుతుంది. కలెక్టరు గారు పిలిచి మన గోడు వింటారని ఎదురు చూడొద్దు. అక్కడ తగాదా విచారణ ఉండదు, కాగితాలు సరిగా ఉన్నాయో లేదో చూసి ఉత్తర్వు ఇవ్వటమే ఉంటుంది. ఉత్తర్వు వచ్చాక పోలీసులతో వస్తారు. ఆ రోజు గుమ్మంలో అడ్డం పడితే కేసులు మనవాళ్ల మీద పడతాయి. గొడవ పడాల్సింది అంతకు ముందు, కాగితం మీద.

నాలుగో మెట్టు వేలం. ఆమోదం ఉన్న వాల్యుయేటరుతో వెల కట్టించి, కనీస ధర నిర్ణయించి, మొదటి వేలానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వెల కట్టినవాడు అసలు ఇంటికి వచ్చాడా, పై అంతస్తు లెక్కలో వేశాడా అన్నది చూసుకోండి. మా అనుభవంలో తప్పులు ఎక్కువ దొరికేది ఇక్కడే. ఇంకోటి బాగా గుర్తు పెట్టుకోండి. బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన అచ్చయ్యేదాకానే. 2016లో చట్టం మార్చారు, 2023లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. వేలం రోజు పొద్దున్న డబ్బు మూట పట్టుకుని పరుగెత్తే పాత రోజులు పోయాయి. ఇల్లు అమ్ముడయ్యాక బాకీ, ఖర్చులు పోను మిగిలింది మనది. మొదట చెప్పిన ఆయనకు అలా మిగిలిన డబ్బు కోసం ఏడు నెలలు తిరగాల్సి వచ్చింది, కానీ వచ్చింది.

ఇప్పుడు పొలం సంగతి. సాగు భూమి మీద ఉన్న తనఖాకు సర్ఫేసీ వర్తించదని 31వ సెక్షన్ చెబుతుంది. ఇది రైతుకి ఉన్న పెద్ద రక్ష. కానీ పాస్ పుస్తకంలో మెట్ట అనో మాగాణి అనో ఉంటే చాలనుకోవద్దు. రెవెన్యూ రికార్డులో రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజంగా సాగు చేస్తున్నట్టు అప్పు తీసుకున్నవాడే రుజువు చెయ్యాలని 2023 జనవరిలో తెలంగాణ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడంగల్ నకళ్లు, ఎరువుల బిల్లులు, వ్యవసాయ కరెంటు కనెక్షన్ కాగితం, యార్డులో అమ్మిన పట్టీలు దాచుకోండి. ఇంకో మాట. సర్ఫేసీ వర్తించదంటే అప్పు పోయిందని కాదు. బ్యాంకు దావా వేసుకోవచ్చు. ఆ దారిలో కోర్టు ముందు ప్రాథమిక డిక్రీ ఇచ్చి, ఆరు నెలల దాకా కట్టే గడువు ఇస్తుంది. మనకు దొరికేది ఆ గడువే.

ఇంకో రెండు చిన్న మినహాయింపులు. తనఖా లక్ష రూపాయల లోపు అప్పుకైతే ఈ చట్టం రాదు. అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో మిగిలిన బాకీ 20 శాతం లోపు అయితే కూడా రాదు. ముప్పావు వంతు పైన కట్టేసినవాళ్లు లెక్క వేసి చూసుకోండి.

వడ్డీ వ్యాపారి సంగతి. ప్రోనోటు మీద డిక్రీ తెచ్చుకుని ఇల్లు జప్తు చేయిస్తానంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ గుర్తు పెట్టుకోండి. రైతుదీ కూలీదీ సొంత ఇల్లు, అందులో తానే నివాసం ఉంటే, దాన్ని జప్తు చెయ్యకూడదు. సాగుకు కావలసిన పశువులు, పనిముట్లు, విత్తనాలకూ రక్ష ఉంది. రైతంటే పట్టా ఉన్నవాడే కాదు, వ్యవసాయం మీద బతికే కౌలు రైతు కూడా ఈ సెక్షన్‌లో రైతే. ఈ హక్కు వదులుకుంటున్నానని ముందే రాయించుకున్నా ఆ రాత చెల్లదు. కాకపోతే ఇది మనం కోర్టులో లేచి అడగాల్సిన హక్కు. సమన్లు వస్తే పోకుండా ఇంట్లో కూర్చుంటే మన తరఫున ఎవరూ అడగరు. తనఖా రాసిచ్చిన ఇంటికి ఈ రక్ష లేదు. అందుకే, అమ్మా, ఇంట్లో ఆడవాళ్లు కూడా వినండి. మీ పేరున ఉన్న ఇంటికి సంతకం అడిగితే ఏ కాగితమో చదివించుకుని పెట్టండి. అప్పుకి బదులుగా అమ్మకం దస్తావేజు మాత్రం ఎన్నటికీ రాయొద్దు. "తీర్చగానే తిరిగి రాస్తా" అన్న నోటి మాట రిజిస్ట్రారు ఆఫీసులో పనికిరాదు. జామీను సంతకం కూడా ఆలోచించి పెట్టండి. బ్యాంకు నేరుగా జామీనుదారు మీదకే రావొచ్చు.

రాజీ దారి కూడా చట్టంలో భాగమే. వన్ టైమ్ సెటిల్‌మెంట్ మన హక్కు కాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగే చొరవ మాత్రం మనది. ఎంత కట్టగలమో, ఎప్పటిలోగా కట్టగలమో కాగితం మీద రాసి, ముద్ర వేయించుకోండి. ఒప్పుకుంటే ఉత్తరం లేకుండా రూపాయి కట్టొద్దు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కాబట్టి చదివి సంతకం పెట్టండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న మిగతావాళ్లకూ ఇస్తారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా పలుకుతారు. వసూలు మనుషులు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. బెదిరిస్తే తేదీ, టైము రాసుకోండి. బాకీ తీర్చాక 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకివ్వాలి.

చివరగా ఇంకో ఇంటి కథ. మొదటి ఇల్లు పోయిన రెండేళ్లకు ఒక వితంతువు అక్క నోటీసు పట్టుకుని వచ్చింది. ఇల్లు, దాంతోపాటు పత్తి వేసే డెబ్భై సెంట్లు, రెండూ తనఖాలో ఉన్నాయి. క్యాలెండర్ మీద తేదీ రాశాం. పన్నెండో రోజున జవాబు వెళ్లింది. స్వాధీనం నోటీసు పడిన ఇరవయ్యో రోజున, న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన వకీలు డీఆర్‌టీలో దరఖాస్తు వేశాడు. అడంగల్, పత్తి పట్టీలు చూసి పొలం మీద స్టే ఇచ్చారు. ఇంటికి కొంత కట్టమన్నారు. తనఖాలో లేని ముప్పై సెంట్లు అమ్మి ఆమె మొదటి భాగం కట్టింది, మిగతాది మూడు వాయిదాల్లో రాజీ కుదిరింది. ముప్పై సెంట్లు పోయాయి. అది గెలుపని మేము చెప్పుకోం. కానీ ఆ అక్క ఈ రోజు సొంత ఇంట్లో అన్నం వండుకుని ఈ సభకు వచ్చింది, వెనక వరుసలో కూర్చుని ఉంది.

చట్టం అప్పు మాఫీ చెయ్యదు. గిట్టుబాటు ధర ఇవ్వదు, కౌలు రైతుకి రుణం ఇప్పించదు. వాటి కోసం కొట్లాట మానేది లేదు, జెండా దించేది లేదు. కానీ కొట్లాట ఫలించేదాకా తల దాచుకునే ఇల్లు ఉండాలి కదా. చట్టం మనకు ఇచ్చేది కొన్ని రోజులు. ఆ రోజులు మన సిగ్గు వల్ల పోకూడదు. నోటీసు వచ్చిందని చెప్పుకోలేక పురుగుమందు డబ్బా వైపు చూసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అప్పు పంట ఎండిన నేరం, మనిషి చేసిన నేరం కాదు. నోటీసు వచ్చిన రోజే, ఎంత రాత్రయినా సరే, సంఘం తలుపు తట్టండి. కవరు, పాస్ పుస్తకం, రసీదులు తెచ్చుకోండి. క్యాలెండర్ గోడ మీదే ఉంది.

సెలవు.